ఐదో చోటు

4, సోమవారం

సెలవులు మొదలయ్యాయి. పొద్దున తొమ్మిదింటికి కౌంటరు అద్దం పైకెత్తేసరికే వరస మెట్ల దాకా ఉంది. సాయంత్రం ఆరింటికి అద్దం దించేదాకా నా నోట ఒకటే మాట, "కుటుంబానికైతే పాసే కలిసొస్తుందండీ." ఇంటికొచ్చి బెల్లు కొట్టాక, తలుపు తీసిన మా ఆయనతో కూడా అదే అనేస్తానేమోనని భయం వేసింది.

రోజంతా చెప్పీ చెప్పీ ఇప్పుడు రాస్తున్నా చేతికి అదే వస్తోంది. ఒక్క పాసు, రెండు రోజులు, ఏడు చోట్లు. మ్యూజియం, కోట, చేపల ప్రదర్శన, గడియారం టవరు, పడవ షికారు, తారామండలం, జంతువుల తోట. చెప్పనిది కూడా ఒకటుంది. పాసు ధర సరిగ్గా నాలుగున్నర టికెట్లంత. ఐదు చోట్లు చూస్తే అర టికెట్టు మిగులుతుంది. నాలుగే చూస్తే అర టికెట్టు పోతుంది. ఎవరైనా అడిగితే చెప్పాలి. ఎవరూ అడగరు.

అమ్మిన ప్రతి పాసుకూ మాకు కమీషన్. ఆయన నడుం పట్టేసి ఇంట్లో కూర్చుని రెండు నెలలైంది. లిఫ్టులు బాగుచేసే మనిషిని బరువెత్తొద్దంటే ఇంక చేయడానికేముంది. ఇంకో ఆరు వారాలు ఆగాలన్నాడు డాక్టరు. ఈ సెలవుల్లో ఎన్ని పాసులు అమ్మితే అంత.

మూసే ముందు ఒకావిడ వచ్చింది. చంకలో పాప, కొంగు పట్టుకుని ఆరేడేళ్ల పిల్లాడు, వెనక కర్ర ఊతంతో ఆవిడ ముసలి తండ్రి. కాగితం మీద ఏదో కూడుకుంటూ, "మాకు నిజంగా కలిసొస్తుందంటారా?" అని అడిగింది.

"ఏడూ చూస్తే బోలెడంత ఆదా అండీ" అన్నాను.

అబద్ధం కాదు కదా.

5, మంగళవారం

నా వారపు సెలవు. గొంతు పోయింది. మా పాప ఏమడిగినా చేత్తోనే జవాబు చెప్పాను. దానికి అదో ఆటలా ఉంది.

6, బుధవారం

చెప్పుకోదగ్గదేమీ లేదు.

7, గురువారం

మధ్యాహ్నం మేనేజరు గదిలోకి పిలిచారు. పెద్దాఫీసు వాళ్లు కొత్త కరపత్రం వేయిస్తున్నారట. పాసు వల్ల కుటుంబాలకు ఎంత ఆదా అవుతుందో ఒక అంకె కావాలట.

"లెక్కల్లో నువ్వు గట్టిదానివమ్మా. పోయిన నెల పాసులన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. ఎవరి వయసెంతో, ఏ కుటుంబం ఎన్ని గేట్లు దాటిందో అంతా ఉంటుంది. నాలుగు రోజుల్లో ఇచ్చెయ్" అన్నారు.

పన్నెండేళ్లుగా ఆ అద్దం వెనక కూర్చున్నాను. ఎప్పుడూ నన్నెవరూ ఏమీ లెక్కగట్టమనలేదు. సంతోషించాననే చెప్పాలి. ఇంటికొచ్చి ఆయనతో చెప్తే, "నీ పేరు వేస్తారా కరపత్రంలో?" అని నవ్వారు. నవ్వితే నడుం పట్టేసింది. ఇద్దరం నవ్వు ఆపేశాం.

8, శుక్రవారం

భోజనాల వేళ కౌంటరు చిల్లరక్కకు అప్పజెప్పి వెనక గదిలో కూర్చున్నాను. (పక్క కౌంటరు ఆవిడ. ఎంత పెద్ద నోటిచ్చినా చిల్లర లేదనడం ఆమె నోట వినలేదు. ఆ పేరు నేను పెట్టిందే.)

పోయిన నెల నాలుగు వందల పన్నెండు కుటుంబాలు పాసు తీసుకున్నాయి. ఐదు చోట్లో అంతకు మించో చూసినవి డెబ్బై ఒకటి.

మళ్లీ లెక్కపెట్టాను. డెబ్బై ఒకటే.

మిగిలిన వాళ్లలో ఎక్కువమంది మూడింటి దగ్గర ఆగిపోయారు. మొదటి రోజు రెండు, రెండో రోజు ఒకటి. తెర మీద అది చూస్తుంటే వాళ్లంతా ఎక్కడ కూలబడ్డారో కళ్లకు కట్టినట్టుంది. కోట మెట్ల దగ్గర. పడవ వరసలో. జంతువుల తోటలో, బాత్రూం ఎక్కడని వెతుక్కుంటూ.

అంకె తీసుకెళ్లి చూపించాను. మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది పంపలేం కదమ్మా."

"వచ్చిందే అది సార్."

"వచ్చింది సరే. అందులో అందర్నీ కలిపేశావు. చంటిపిల్లలున్న వాళ్లు సగంలో తిరిగెళ్లిపోతారు. ముసలివాళ్లున్న వాళ్లు అసలు నడవలేరు. వాళ్లది పాసు తప్పు కాదు కదా. మామూలు కుటుంబాల లెక్క తియ్యి."

ఆయన చెప్పినదాంట్లోనూ న్యాయం ఉందనిపించింది.

9, శనివారం

సాయంత్రం భోజనాల బల్ల మీద పరుచుకుని చేశాను. ఐదేళ్ల లోపు పిల్లలున్న వాళ్లను తీసేశాను. అరవై దాటిన వాళ్లున్న కుటుంబాలను తీసేశాను. ఒకే రోజు వచ్చి వెళ్లిన వాళ్లు రెండో రోజు వాడుకోలేదు కాబట్టి వాళ్లనూ తీసేశాను. వర్షం పడిన వారం మొత్తం తీసేశాను.

తొంభై నాలుగు కుటుంబాలు మిగిలాయి. వాటిలో అరవై ఆరుకు లాభమే.

ఆయన దిండు నడుం వెనక సర్దుకుంటూ కాగితం తీసుకుని చూశారు.

"పిల్లలూ లేరు, పెద్దవాళ్లూ లేరు. కుటుంబం ఎక్కడుందోయ్ ఇందులో?"

"పిల్లలున్నారు. పెద్ద పిల్లలు."

"లిఫ్టులో ఎనిమిది మంది అని పలక కొడతాం చూడు. సన్నగా ఉన్న ఎనిమిది మందిని ఏరి ఎక్కించి కొట్టం. ఎవరొచ్చినా ఎనిమిది మంది ఎక్కితే లేవాలి."

"మీకు లిఫ్టులు తెలుసు. ఇది వేరు" అన్నాను. విసురుగానే అన్నాననుకుంటా. కాగితం బల్ల మీద పెట్టేసి పాప హోంవర్కు చూస్తానని లోపలికెళ్లారు. సెలవుల్లో హోంవర్కు ఏముంటుంది.

10, ఆదివారం

కాగితం ఇచ్చేశాను. మేనేజరు టీ తెప్పించారు. "ముప్పై ఐదు శాతం వరకు ఆదా" అని వేస్తారట. ఏడూ చూసినవాళ్లకు నిజంగానే అంత వస్తుంది. 'వరకు' అని ఉంది కదా. ఇంక నాదేముంది.

ముప్పై ఎనిమిది పాసులు అమ్మాను. కాళ్లు పీక్కుపోతున్నాయి.

12, మంగళవారం

సిబ్బందికి ఏడాదికోసారి కుటుంబ పాసు ఉచితం. పన్నెండేళ్లలో ఒక్కసారీ వాడుకోలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి. పాపకు పదేళ్లు నిండాయి, వాళ్లమ్మ రోజూ టికెట్లమ్మే చోట్లలో ఒక్కటీ చూడలేదది. ఇవాళ బయల్దేరదీశాను. ఈ రోజు నాలుగు, రేపు పని అయ్యాక చేపల ప్రదర్శన. మొత్తం ఐదు. ఊరంతా నాకు కొట్టినపిండి. ఏ గేటు దగ్గర ఏ వేళకు వరస తక్కువో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

తొమ్మిదింటికి మ్యూజియం గేటు దగ్గరున్నాం. నలభై నిమిషాలు అనుకున్నాను. రెండో గదిలో పాత తాళాలు పెట్టిన అద్దాల బీరువా ఉంది. పాప అక్కడ అతుక్కుపోయింది. ప్రతి తాళానికీ తాళంచెవి ఏదో కనిపెడుతోంది. ఆయన కూడా వంగలేక వంగి, "దీనికి స్ప్రింగు లోపలుంటుంది, చూడు" అని చెప్తున్నారు. రెండు నెలల తర్వాత ఆయన గొంతులో ఆ హుషారు విన్నాను. నేనేమన్నాను? "పదండి, పదండి, పదకొండు లోపు టవరు దగ్గరుండాలి" అన్నాను.

టవరు దగ్గర లిఫ్టు తలుపు మూసుకోగానే ఆయన చెవి గోడకు ఆన్చారు. "తాడుకు గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో వీళ్లు" అని గొణిగారు. పైకెళ్లాక పాప మన ఇల్లు ఎటు అని అడిగింది. చూపిస్తున్నంతలో టైము చూసుకున్నాను.

కోట దగ్గరకు వచ్చేసరికి ఒంటిగంట. ఎండ మాడ్చేస్తోంది. నూట పన్నెండు మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆయన కూర్చుండిపోయారు. మొహం పాలిపోయింది. పెదాలు బిగపట్టి, "మీరు వెళ్లి రండి, నేనిక్కడే ఉంటా" అన్నారు. పక్కనించి జనం దాటుకుంటూ పోతున్నారు. ఒక పిల్లాడు ఆయన చెయ్యి తొక్కాడు.

పాప నా వైపు చూసి, "అమ్మా, ఇంకా ఎన్నున్నాయి?" అని అడిగింది. కాకరకాయ ముక్కలు ఇంకా ఎన్ని తినాలని అడిగినట్టు అడిగింది.

ఆటోలో ఇంటికొచ్చేశాం. గేటు దాటాం కాబట్టి కోటను సగంగా లెక్కలో వేసుకున్నా రెండున్నర.

13, బుధవారం

ఆయన మంచం దిగలేదు. చేపల ప్రదర్శనకు వెళ్దామని నేను అనలేదు, పాపా అడగలేదు.

14, గురువారం

ఆరో తేదీన చెప్పుకోదగ్గదేమీ లేదని రాశాను. ఉంది.

ఆ రోజు సాయంత్రం కర్ర పట్టుకున్న పెద్దాయన కూతురు మళ్లీ వచ్చింది. చంటిపాప ఆవిడ భుజం మీద నిద్రపోతోంది. తండ్రినీ కొడుకునూ దూరంగా బెంచీ మీద కూర్చోబెట్టింది. పాసు తీసి నా ముందు పెట్టింది. మూడు చిల్లులున్నాయి. అవి చూడగానే నాకు అర్థమైంది. ఆవిడ నోరు విప్పేలోపే, "వాడిన పాసుకు వాపసు ఉండదండీ, రూలు" అన్నాను.

"వాపసు అడగట్లేదండీ" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "మా నాన్నను మీరు చూశారు. కర్ర చూశారు. ఈ చంటిదాన్ని చూశారు. మేము ఐదు చూడలేమని మీకు తెలుసు కదా? అదొక్కటే అడుగుదామని వచ్చా."

నేను ఆవిడ భుజం మీదుగా చూస్తూ, "నెక్స్ట్" అన్నాను.

ఆవిడ ఒక్క నిమిషం నిలబడింది. పాసు తీసుకుని, పాపను అటు భుజం మీదకు మార్చుకుని వెళ్లిపోయింది.

తొమ్మిదో తేదీ సాయంత్రం నేను లెక్కలోంచి తీసేసింది వీళ్లనే. చంటిపిల్లలున్న వాళ్లు, ముసలివాళ్లున్న వాళ్లు. నడుం నొప్పి వాళ్లను తీసేయడం మర్చిపోయాను.

16, శనివారం

కరపత్రాలు వచ్చాయి. మెరిసే కాగితం. నవ్వుతున్న నాన్న, నవ్వుతున్న అమ్మ, ఇద్దరు పిల్లలు, ఎవరి మొహాన్నా చెమట లేదు. కింద పెద్దక్షరాల్లో "మీ కుటుంబానికి ముప్పై ఐదు శాతం ఆదా!"

'వరకు' లేదు.

మేనేజరును అడిగాను.

"జాగా చాల్లేదటమ్మా" అన్నారు. నా వైపు చూడకుండా కరపత్రాలు దొంతర్లు పెడుతున్నారు. ఆయన చొక్కా కాలరు మాసి ఉంది. ఇంట్లో ఎవరికో ఆపరేషనని చిల్లరక్క చెప్పింది ఆ మధ్య.

18, సోమవారం

రోజూలాగే మొదలైంది. పదకొండింటికి ఒక జంట వచ్చింది. కవల పిల్లల బండి తోసుకుంటూ, చేతిలో మా కరపత్రం. "ఇదుగో, ఈ ముప్పై ఐదు శాతంది ఇవ్వండి" అన్నాడతను.

నా చెయ్యి పాసుల కట్ట మీదకు వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

"పిల్లలు మధ్యాహ్నం పడుకుంటారా?" అని అడిగాను.

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు. "పడుకుంటారండీ, రెండు గంటలు. పడుకోకపోతే ఇంక మమ్మల్ని బతకనివ్వరు" అంది ఆవిడ.

"అయితే రోజుకు రెండు చోట్ల కన్నా ఎక్కువ చూడలేరు. విడి టికెట్లే తీసుకోండి. జంతువుల తోటకు పొద్దున్నే వెళ్లండి, నీడ ఉంటుంది. కోటకు బండి ఎక్కదు."

అతను కరపత్రం వైపు, నా వైపు మార్చిమార్చి చూశాడు. "మరి ఇందులో ఇలా వేశారేంటి?"

"అది ఏడూ చూసేవాళ్లకు" అన్నాను.

ఎవరు లెక్కగట్టారో మాత్రం చెప్పలేదు. అంత ధైర్యం రాలేదు.

20, బుధవారం

పాసులు పదకొండు. విడి టికెట్లు రెండు వందల పైన.

తీసుకోవలసినవాళ్లకు తీసుకోమనే చెప్తున్నాను. ఇవాళ నలుగురు పెద్ద పిల్లలతో ఒక తండ్రి వచ్చాడు. అందరూ పరుగు పందెం బూట్లు వేసుకున్నారు. వాళ్లు ఏడూ చూసేసి ఎనిమిదోది ఏదని అడిగేలా ఉన్నారు. ఆ పాసు ఎంత సంతోషంగా ఇచ్చానో.

22, శుక్రవారం

టీ తాగేటప్పుడు చిల్లరక్క నా పక్కన చేరింది.

"ఏమే, నీకేమైంది? ఇవాళ నా కౌంటర్లో పాసులు నలభై దాటాయి, నీ దాంట్లో ఏడు. ఇంట్లో ఆయన పరిస్థితి నీకు తెలియదా?"

"తెలుసక్కా."

"మరి? అడిగినవాళ్లకు చెప్పు, ఎవరొద్దన్నారు? వాళ్లు అడక్కుండానే పిల్ల పడుకుంటుందా, తాతకు మోకాళ్లు నొప్పులా అని నువ్వు ఆరా తీయడమేంటి? డాక్టరువా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె కమీషన్‌తో ఇద్దరు కూతుళ్లను కాలేజీలో చదివిస్తోంది. ఆమెను తప్పుపట్టడానికి నేనెవరిని? ఆ అంకె కట్టిచ్చింది ఆమె కాదు.

25, సోమవారం

పిలుస్తారనుకున్నాను, పిలిచారు. వెళ్లేముందు కాగితం రాసుకుని పట్టుకెళ్లాను. ఆరు వాక్యాలు. నేనిచ్చిన లెక్కలో ఎవరెవరిని తీసేశానో, అసలు అంకె ఎంతో, నేను చేసింది తప్పని, తెలిసే చేశానని.

మేనేజరు నిలబడే చదివారు. తర్వాత కూర్చున్నారు.

"నాకు తెలుసమ్మా. నువ్వు లెక్క తీయకముందే తెలుసు. గేట్ల దగ్గర పదేళ్లు చేశాను నేను."

"మరి సార్..."

"మరీ లేదు గిరీ లేదు. ఇది పైకి పంపితే నీ పేరూ వెళ్తుంది, నా పేరూ వెళ్తుంది. నా సర్వీసు ఇంకా పధ్నాలుగు నెలలుంది." కాగితం మడత పెట్టారు, విప్పారు. "చించేసెయ్యమంటే చించేస్తా. నీకూ సుఖం, నాకూ సుఖం."

ఆయన నిజంగానే నన్నడుగుతున్నారు. బెదిరించడం కాదు. చించేయమని నేనంటే ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోతారు. నేనూ పోతానేమో.

"పంపించండి సార్" అన్నాను.

"కౌంటర్లో ఉంచలేను మరి నిన్ను."

"తెలుసు."

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన విని లేచారు. పాపకు అన్నం కలిపి పెట్టారు. గిన్నెలు నేను తోముతుంటే వెనక నిలబడి, "కమీషన్ మొత్తం పోతుందా?" అని ఒక్క మాట అడిగారు. అవునన్నాను. "ఊఁ" అన్నారు.

తిడతారనుకున్నాను. మెచ్చుకుంటారనీ అనుకున్నాను, అబద్ధమెందుకు. రెండూ చేయలేదు.

27, బుధవారం

సామాన్ల గదిలో వేశారు. జనం సంచులూ పెట్టెలూ ఇస్తారు, బిళ్ల ఇస్తాను. బిళ్ల ఇస్తారు, సంచులిస్తాను. కిటికీ లేదు. ఎవరితోనూ ఏమీ చెప్పక్కర్లేదు. మొదటి రోజు మధ్యాహ్నమే కూర్చున్నచోట కునికాను.

29, శుక్రవారం

చిల్లరక్క గది దాకా వచ్చి ఒక కరపత్రం నా ఒళ్లో పడేసింది. కొత్తవి వచ్చాయట. అదే నవ్వే కుటుంబం. పెద్దక్షరాల్లో "ముప్పై ఐదు శాతం వరకు". అట్టడుగున చీమలంత అక్షరాల్లో, "ఐదు కంటే తక్కువ చోట్లు చూసేవారికి విడి టికెట్లు చవక."

"కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడదే" అంది.

"కనపడిందిగా నీకు."

"నీ కాగితం నిజంగానే పంపాడన్నమాట ఆ మహానుభావుడు" అంటూ ముక్కున వేలేసుకుంది. కాసేపు నా పక్కనే సంచుల మధ్య కూర్చుంది. వెళ్తూ వెళ్తూ, "నిన్న ఒక ముసలావిడ వస్తే నేనూ అడిగానే, మోకాళ్లు నొప్పులా అని" అని చెప్పి గబగబా వెళ్లిపోయింది.

1, ఆదివారం

ఆయన కంపెనీకి ఫోన్ చేసి రేపట్నుంచి వస్తానని చెప్పేశారు. డాక్టరు చెప్పిన గడువు ఇంకా రెండు వారాలుంది. నేను స్నానం చేసి వచ్చేలోపే ఫోన్ పెట్టేశారు.

"ఎందుకు?" అన్నాను.

"ఇంట్లో విసుగ్గా ఉంది."

ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. నా ఆరు వాక్యాలకు ఆయన నడుం ఇచ్చుకోవాల్సి వస్తోంది. నేనది ముందే ఆలోచించానా అని నన్ను నేను అడిగితే, ఆలోచించాను. అయినా రాశాను. ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోలేను.

2, సోమవారం

పొద్దున ఆయన బూట్లు తొడుక్కునేలోపే పనిముట్ల సంచీ నేను భుజాన వేసుకున్నాను. పద్నాలుగు కిలోలు. ఇన్నేళ్లుగా దాని బరువెంతో నాకు తెలియదు.

"ఇలా ఇవ్వు" అన్నారు.

"బస్టాపు దాకా."

బస్టాపు దగ్గర మళ్లీ అడిగారు. బస్సెక్కి సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చున్నారు, కడ్డీ పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటూ. ఐదో స్టాపు దగ్గర, "కోపంగా ఉందా?" అని అడిగాను.

"ఉంది" అన్నారు. ఇంకో గుంత దాటాక, "కాకపోతే, ఆ కాగితం రాయకపోతే ఇంకా కోపం వచ్చేదనుకుంటా. ఏదీ తేలట్లేదు" అన్నారు.

కంపెనీ గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు తోటి మెకానిక్కులు నిలబడున్నారు.

"ఇంక ఇచ్చెయ్, మావాళ్లు చూస్తున్నారు."

"చూడనీండి" అన్నాను గానీ ఇచ్చేశాను. ఎడం చేత్తో తీసుకున్నారు, అలవాటు లేని చెయ్యి. లోపలికి నాలుగు మెట్లున్నాయి. రెండో మెట్టు మీద ఆగారు. తోటివాళ్లలో ఒకతను కిందకు దిగి ఏమీ అనకుండా సంచీకి రెండో పట్టీ పట్టుకున్నాడు. ఇద్దరూ మోసుకుంటూ లోపలికి వెళ్లారు.

సామాన్ల గది తెరిచే టైము అప్పటికే అయిపోయింది. అయినా వాళ్ల వెనక కంపెనీ తలుపు మూసుకునేదాకా చూసి, తిరుగు బస్సు కోసం రోడ్డు దాటాను.